అంతమ్మ చావు ప్రేమమ్మకు పడింది

మొయినాబాద్ నుంచి చేవెళ్ల పోయే దారికి కాస్త లోపలగా, ఆగిపోయిన వెంచర్ ఒకటి ఉంది. ప్లాట్ల నిండా గడ్డి మొలిచింది. మిగిలింది కొనేవాళ్ళకు చూపించడానికి కట్టిన మోడల్ హౌస్ ఒక్కటే. పొద్దుగూకితే అటు ఎవరూ పోరు. ఒక్కరోజైనా ఎవరూ కాపురం పెట్టని ఇంట్లో దెయ్యం ఎలా చేరిందని నేనూ నవ్వేవాణ్ణి. సాయిచంద్ చెప్పిన తర్వాత మానేశాను.

ఈ సాయిచంద్ వాళ్ళ ఊరి పంచాయతీలో కంప్యూటర్ ఆపరేటర్. చెడ్డవాడు కాదు, బద్ధకస్తుడు. ఊళ్ళో ఆధార్ తీసినప్పుడు చర్చి వాడంతా గిద్యోను ఫోన్ నంబరే ఇచ్చింది — అప్పట్లో ఆ వాడలో ఫోన్ ఉన్నది అతనికే. మొన్న గిద్యోను తల్లి అంతమ్మ కాలం చేసింది. ఆ చావు నమోదు చెయ్యడానికి సాయిచంద్ ఆ నంబరు కొట్టి, పైన కనబడ్డ పేరు మీద నొక్కేశాడు. ఆ పేరు పక్కింటి ప్రేమమ్మది.

అంతే... బతికున్న ప్రేమమ్మ చచ్చిపోయింది. చచ్చిన అంతమ్మ బతికింది.

ప్రేమమ్మకు గుండె జబ్బు. దవాఖానలో ఆపరేషన్ ఉచితమే. కానీ ఆమె వేలు పెడితే చాలు, మిషన్ 'మరణించారు' అంటుంది. పాపం, ఆయాసపడుతూ పంచాయతీ చుట్టూ తిరిగింది. "సర్వర్ లేదవ్వా, రేపు చూద్దాం" అనేవాడు సాయిచంద్. దిద్దాలంటే తప్పు తనదేనని రాయాలి మరి. ఇక్కడే నాకు వాడి మీద ఒళ్ళు మండింది.

ఒక సాయంత్రం సాయిచంద్ చేవెళ్ల నుంచి బండి మీద వస్తుంటే వాన పట్టుకుంది. గతిలేక మోడల్ హౌస్ వరండాలోకి దూరాడు. చీకటి... వాన చప్పుడు... లోపల ఎవరో దగ్గారు.

"సాయిచంద్..."

గోడకు ఆనుకుని తెల్లచీరలో ఒక ముసలామె. ముఖం కనబడలేదు. ప్రేమమ్మే తనను బెదిరించడానికి వచ్చిందనుకున్నాడు.

"ప్రేమమ్మవ్వా, నువ్వు బతికే ఉన్నవ్. కంప్యూటర్లనే జర ఆగమైంది, గంతే."

"నేను అంతమ్మను బిడ్డా."

వాడు వరండా అంచుదాకా వెనక్కి జరిగాడు.

"పైకి పోయిన," గుసగుసగా చెప్పింది ఆమె. "నా పేరు రాలేదన్నరు... లోపటికి రానియ్యలే. ఇంటికి పోతే గిద్యోను దడుసుకుంటడు. గిది కిరాయి లేని ఇల్లు, గందుకే ఈడ ఉంటున్న."

ఆమె మళ్ళీ దగ్గింది.

"ప్రేమమ్మ పేరు మాత్రం ఆడ పిలుస్తనే ఉన్నరు. ఇయ్యాలో రేపో తోల్కపోతరు. నా చావు నాకు రాయి కొడుకా... అది బతకాలె."

ప్రాణం మీదికి వచ్చినా అలవాటు పోదంటారు. సాయిచంద్ అన్నాడట — "మీసేవల దరఖాస్తు పెట్టుకో అవ్వా. ఆధార్ జిరాక్స్ జత చెయ్యి."

ఆమె అతని సంచిలోంచి వేలిముద్రల మిషన్ తీసి, బొటనవేలు పెట్టింది.

పచ్చ లైటు వెలిగింది.

పంచాయతీలో ప్రేమమ్మ ఎంత రుద్దినా ఒప్పుకోని మిషన్ అది. సాయిచంద్ దాన్ని లాక్కుని వానలోనే బండి తీశాడు.

రాత్రంతా నిద్ర లేదు. తెల్లారగానే దిద్దుదామని పరుగెత్తాడు. సర్వర్ లేదు — ఈసారి నిజంగానే లేదు. మధ్యాహ్నానికి వచ్చింది. ప్రేమమ్మ పేరు తెరిచి, తప్పు నాదేనని టైపు చేస్తుండగా... చర్చి గంట మోగింది.

ప్రేమమ్మ పోయింది.

ఆ వారమే తనిఖీకి పెద్ద సారు వచ్చాడు. సాయిచంద్ చేతులు కట్టుకుని అంతా ఒప్పుకున్నాడు. సారు స్క్రీన్ చూశాడు. ప్రేమమ్మ చనిపోయినట్టు ఉంది, చనిపోయింది కూడా.

"తేదీ ఒక్కటే జర ముందున్నది," అన్నాడు సారు భుజం తట్టి. "లేటు చేసేటోళ్ళను మస్తుమందిని చూసిన. ముందుగాల చేసినోన్ని నిన్నే చూస్తున్న."

"సార్... అంతమ్మ చావన్న రాస్త సార్. ఆమె ఇంకా ఆడ్నే ఉన్నది."

సారు మళ్ళీ స్క్రీన్ చూశాడు. అంతమ్మ పేరు పక్కన మొన్నటి వేలిముద్ర పచ్చగా ఉంది. ఆయన ముఖం మారిపోయింది.

"బతికున్న మనిషిని సంపుతవారా? ఉసురు తగుల్తది."