చప్టా మీద పలికిన సెట్టు

బోగోలు దాటి సముద్రం వైపు పోయే దారిలో, జాలర్ల పాలేనికి ఇవతల, వానొస్తే వాగు పైనుంచి పారే చప్టా ఒకటి ఉంది. చీకటి పడితే ఫైరింజను వాళ్లు కూడా దాని మీదుగా పోరు. అక్కడికి రాగానే వైర్‌లెస్ సెట్టు మూగబోతుంది. అంతే అయితే ఎవరూ భయపడరు... ఆపేసిన సెట్టులోంచి ఎవరో ఊపిరి పీల్చడం వినిపిస్తుందట.

ఆ ఊపిరి లాజరస్‌దని చెప్పుకుంటారు.

లాజరస్ ఫైర్ స్టేషన్లో పనిచేసేవాడు. ఒక తుఫానులో పాలెం జనాన్ని గట్టుకు చేర్చి, తను చప్టా మీద చిక్కుకుపోయాడు. తాడు పంపండి, పడవ పంపండి అని సెట్టులో అరిచీ అరిచీ గొంతు బొంగురుపోయింది. గట్టు మీది జనం అంతా విన్నారు. కంట్రోల్ రూంకు మాత్రం ఒక్క ముక్క చేరలేదు. తెల్లారి మడచెట్ల వేళ్లలో దొరికాడు. సెట్టు పిడికిట్లోనే ఉంది.

కొత్త సెట్లకూ, టవరుకూ అంతకుముందే నిధులు వచ్చాయి. నరేంద్రబాబు అనే ఆఫీసరు వాటితో కంట్రోల్ రూంకు అద్దాల గోడలు, ఏసీలు, గోడంత టీవీ పెట్టించాడు. ప్రారంభోత్సవం ఘనంగా చేశారు. సెట్లు మాత్రం పాతవే.

లాజరస్‌ను మడలోంచి మోసుకొచ్చిన వాళ్లలో అదే స్టేషన్లో పనిచేసే రూఫస్ ఒకడు. తర్వాత అతన్ని నరేంద్రబాబు జీపుకే డ్రైవరుగా వేశారు. రోజూ ఆ మనిషికి డోరు తీసేవాడు, సలాం కొట్టేవాడు. ఇంటికి పోయి కంచం ముందు కూర్చుంటే ముద్ద దిగేది కాదు.

మొన్న నవంబరులో మళ్లీ నిధులొచ్చాయి. టవరుకు స్థలం చూడ్డానికి నరేంద్రబాబు పాలెం వచ్చాడు. తిరిగి పోయేటప్పటికి పొద్దు గూకింది, వాన పట్టుకుంది. చప్టా మీద నీళ్లు పారుతున్నాయి, బిట్రగుంట వైపు చుట్టి పోదామన్నాడు రూఫస్. టౌన్లో మీటింగుంది, పోనిమ్మన్నాడు ఆఫీసరు.

నట్టనడుమ ఇంజను ఆగింది.

నీళ్లు లోపలికొచ్చాయి... మోకాళ్ల దాకా. హెడ్‌లైట్లు మాత్రం వెలుగుతున్నాయి. అప్పుడు — ఆపేసి ఉన్న సెట్టు గరగరలాడింది.

"రూఫస్... దిగు."

లాజరస్ గొంతే. నీళ్లు మింగిన గొంతు.

నరేంద్రబాబు కూడా విన్నాడు. ఎవరది అని గుసగుసగా అడిగాడు. రూఫస్ తన వైపు డోరు తోసుకుని దిగాడు. ఆఫీసరు వైపు డోరు నీటి ఒత్తిడికి తెరుచుకోవడం లేదు. ఆయన సీటు మీదుగా వంగి, చెయ్యి చాచి పిలిచాడు.

"రూఫస్... పట్టుకో."

అందేంత దగ్గరే ఉంది ఆ చెయ్యి. ఆ వేళ్లను చూస్తే రూఫస్‌కు మడచెట్ల వేళ్లు కనిపించాయి.

వెనక్కి తిరిగాడు.

చప్టా పక్క రాళ్లు ఒక్కొక్కటే పట్టుకుని గట్టెక్కి చూస్తే, జీపులో నరేంద్రబాబు సెట్టు నోటి దగ్గర పెట్టుకుని మాట్లాడుతున్నాడు. మాట్లాడు, అనుకున్నాడు రూఫస్. ఎవరికి వినపడుతుందో నువ్వూ చూడు.

లైట్లు ఆరిపోయాయి. నీళ్ల చప్పుడే మిగిలింది. వానలో తడుస్తూ నిలబడ్డ రూఫస్‌కు చాన్నాళ్లకు గుండె తేలికైంది.

ప్రమాదమే అన్నారందరూ. ప్రవాహం లాక్కుపోయిందని రూఫస్ చెప్తే నమ్మారు.

అంత్యక్రియలయ్యాక, కంట్రోల్ రూంలో పనిచేసే డెబోరా అతన్ని మెట్ల కిందికి పిలిచింది. అటూ ఇటూ చూసింది. ఆ రాత్రి చప్టా మీది నుంచి సార్ మాట పక్కనే ఉన్నట్టు వినిపించిందని, పడవతో బండి బయలుదేరబోయిందని చెప్పింది.

రూఫస్ మరి ఎందుకు రాలేదని అడిగాడు.

"నువ్వే కదన్నా వద్దన్నావు. సార్‌ను గట్టుకు చేర్చినాను, ఎవురూ రావద్దండి అని సెట్టులో చెప్పినావు. నీ గొంతు నాకు తెలీదా? అది విన్నాక సార్ మళ్లీ పలకలేదు."

తను వట్టి చేతులతో గట్టు మీద ఉన్నాననీ, సెట్టు జీపులోనే ఉండిపోయిందనీ రూఫస్ చెప్పాడు.

డెబోరా అతని చెవి దగ్గరికి వంగింది.

"నీ మాట అయిపోయినాక ఇంకెవురో పలికినారన్నా, నీళ్లు మింగిన గొంతుతో... 'బాగా చెప్పినావు రూఫస్' అన్నారు."