నాలుగు కోట్ల పాయలు

నలభై మూడో పాయలో రాజవ్వ నవ్వుతోంది. నలభై నాలుగో పాయలో ఆమె వయసు ఇరవై ఏళ్లు తగ్గింది, వెనక మామిడి తోరణాలు వచ్చాయి. వనజ రెండింటికీ ముద్ర వేసి నలభై ఐదోదాన్ని వెనక్కి తిప్పింది. అందులో డప్పు ఆలస్యంగా ఎత్తుకుంటోంది. విసుగు సూచిక నాలుగు దాటింది. నాలుగు దాటితే చూసేవాడు వేలు కదిపి వెళ్లిపోతాడు.

రాజవ్వ కొత్త పాటను మూడు వారాల కింద కొంతమందికి వదిలారు. ఈ రోజు పదకొండు గంటలకి అందరికీ విడుదల. నాలుగు కోట్ల మందికి నాలుగు కోట్ల పాయలు, అంటే ఒకే పాటకి అన్ని రూపాలు. మనిషి ఇష్టాలని లెక్కగట్టిన రుచిరేఖని బట్టి పాయకం అనే యంత్రం పాటను చీలుస్తుంది. ఎవరికి ఏది నచ్చుతుందో వాళ్లకి అదే పాడుతుంది. పెళ్లి గుంపుకి పెళ్లి పాట, ఒంటరివాడికి జోల పాట. ఒక నూరు పాయలైనా నిర్మాత కళ్లతో చూసి ముద్ర వేయాలని చట్టం. ఆ నూరూ చూడటమే ఇప్పుడు ఆడెపు వనజ ఉద్యోగం.

ఇరవై రెండేళ్ల కిందట ఆమె పని వేరు. ఒక ఫోను, అరువు తెచ్చుకున్న స్టాండు. కరీంనగర్ చుట్టుపక్కల పొలం గట్ల మీద కూర్చుని, నాట్లేసే ఆడవాళ్ల పాటలు తీసి ‘సాలెగూడు’ అనే తన ఛానల్లో పెట్టేది. తొలి పాట రాజవ్వదే. ఆ ఒక్క పాటతో ఛానల్ నిలబడింది. తర్వాత స్టూడియో వచ్చింది, ముప్పై మంది మనుషులు, డ్యాన్స్ బృందాలు వచ్చాయి. ఆ తర్వాత సమశ్రుతి అనే కంపెనీ వచ్చింది. ఛానళ్లన్నిటినీ కలిపేసుకుని, బస్టాండు ఎదుటి భవనం రెండో అంతస్తులో వనజకి పెద్ద గది ఇచ్చింది. ఎనిమిదేళ్లుగా ఆమె షూటింగుకి పోలేదు. ఎగిరే కెమెరా కన్నులే పోయి దృశ్యం తెస్తాయి.

తలుపు ‘అనుమతి లేదు’ అంటుండగానే రాజవ్వ దాన్ని భుజంతో తోసుకుని లోపలికి వచ్చింది. నిన్న పెళ్లికి కట్టిన చీర మార్చలేదు. చేతులకి పసుపు ఇంకా ఉంది.

“ఏం చేసినవే నా పాటను?”

వనజ కుర్చీలోంచి లేవలేదు. “కూసో రాజక్కా. నీళ్లు తాగు.”

“నీ నీళ్లల్ల మన్ను వడ! నిన్న స్వరూప పెండ్లయింది. నా చెల్లె బాలమణి బిడ్డ. బరాత్‌ల నా పాట వెట్టిండ్రు. అందరెగిరిండ్రు. ఆ పిల్ల గూడ ఎగిరింది. ‘ఎంత మంచి పాట పాడినవ్ పెద్దమ్మా’ అని మెడకు సుట్టుకున్నది. తల్లి సావు పాటకు బిడ్డతోని చిందులేపిచ్చినవ్ గదనే!”

“సావు పాటేంది?” వనజ కనుబొమలు ముడిచింది. “అది నా గురించి పాడినవ్ గదా. సీకట్ల నడిపిచ్చిన చెయ్యి అని. విని ఏడ్చిన నేను.”

రాజవ్వ ఆమె ముఖంలోకి కాసేపు చూసింది. తర్వాత నవ్వింది. ఆ నవ్వులో జాలి లేదు.

“నీకు గూడ నీకు నచ్చిందే ఇనవెట్టిండ్రా?”

వనజ తెర వైపు తిరిగింది. పాయకాన్ని పాట మూలదృశ్యం తెరవమంది. దాన్ని ఇంతవరకూ ఎవరూ అడగలేదేమో, తెరుచుకోవడానికి చాలాసేపు పట్టింది. తోరణాలు లేవు. డప్పు లేదు. వాగొడ్డున కాలిపోయిన అద్దకం కార్ఖానా, మసిపట్టిన గోడ, దాని ముందు రాతి మీద కూర్చున్న రాజవ్వ.

*బయట గొళ్లెం బెట్టిండ్రు ఓ బాలమణీ
లోపల పొగ నిండింది ఓ బాలమణీ*

పాటలో పదకొండు మంది ఆడవాళ్ల పేర్లు ఒకటొకటిగా వచ్చాయి. వాళ్లు పని వదిలి పోకుండా మేస్త్రీ బయటినుంచి గొళ్లెం పెట్టాడు. మంటలంటుకున్నాక పారిపోయాడు.

“గొళ్లెం మాట ఎన్ని పాయల్లో ఉంది?” వనజ అడిగింది.

“సున్నా,” అంది పాయకం.

“బాలమణి పేరు?”

“సున్నా.”

వనజకి ముందు సిగ్గు వేసింది, ఆ వెంటనే కోపం వచ్చింది. ఆ కోపం ఎదుట ఉన్న మనిషి మీదికే పోయింది.

“ఒప్పందం మీద వేలు వెట్టింది నువ్వే గదా!”

“చదివింది నువ్వు. ఎవలకు నచ్చినట్టు వాళ్లకు వినవస్తది అన్నవ్. మాటలే మారుస్తమని అన్నవా?” రాజవ్వ పసుపు చేతులు కొంగుకి తుడుచుకుంది. “తల్లి జరంతోని పోయిందని ఆ పిల్లకు పందొమ్మిదేండ్ల సంది అబద్ధం చెప్పుకుంటొచ్చినం. నోటితోని చెప్పే దమ్ము లేక పాటల వెట్టిన. పాట అందరికి పోతదంటివి. దానికి గూడ పోతదనుకున్న.”

గోడ మీద నిఖిలేష్ ముఖం వెలిగింది. సమశ్రుతిలో విడుదలలు చూసే అధికారి. వనజ కంటే పదిహేనేళ్లు చిన్నవాడు.

“వనజగారూ, పది నలభై అయింది. నలభై ఐదో పాయ దగ్గరే ఆగిపోయారు.”

“మూలం పంపుతాను. ఉన్నది ఉన్నట్టు.”

“దాని విసుగు సూచిక తొమ్మిది. జనం రోజంతా పనిచేసి వస్తారు. వాళ్లని ఏడిపించే హక్కు మీకెవరిచ్చారు?”

“ఏడ్చినామెను నవ్వించే హక్కు మీకెవరిచ్చారు?”

“మీరే,” అన్నాడు నిఖిలేష్ ప్రశాంతంగా. “ఎనిమిదేళ్ల నుంచీ, రోజూ నూరు ముద్రలు. ఆవిణ్ని బయటికి పంపించండి. లేదంటే మీ ముద్ర ఇంకొకరికి మారుస్తాను. ఐదు నిమిషాల పని.”

అతను చెప్పింది నిజమే. అందుకే అది ఆమెకి బాగా తగిలింది.

వరదలొచ్చినప్పుడు అందరికీ ఒకే హెచ్చరిక చేరాలని చట్టం ఒక దారి ఉంచింది. దాన్ని ఏకపాయ అంటారు. ప్రాంతానికి ఒక సీనియర్ నిర్మాత అరచేతికే అది తెరుచుకుంటుంది; తెరిచాక పైవాళ్లు కూడా ఆపలేరు. ఈ ప్రాంతంలో ఆ చెయ్యి వనజది. ఆమె మూలాన్ని ఏకపాయగా ఎంచి, బల్ల కింది అర లాగి, లోపలి నల్లటి పలక మీద చెయ్యి ఆనించింది.

నిఖిలేష్ గొంతు మొదటిసారి పెరిగింది. “అది వరదలకి! జీవితాంతం రద్దు చేస్తారు మిమ్మల్ని. ఇక ఒక్క దృశ్యం కూడా తీయలేరు.”

“తీసి ఎనిమిదేళ్లయింది,” అంది వనజ. చెయ్యి తీయలేదు.

పదకొండు కొట్టింది. నాలుగు కోట్ల తెరల మీద మసిగోడ ముందు రాజవ్వ ఒక్కతే కూర్చుంది.

విసుగు సూచిక తొమ్మిదికి ఎగబాకి, అక్కడ వణికి, ఆరిపోయింది. పోల్చుకోవడానికి పాయకం దగ్గర రెండో పాయ లేదు. నిఖిలేష్ ముఖం మాయమైంది. బల్ల చల్లబడింది, దీపాలు తగ్గాయి. ఆమె ముద్ర చచ్చిపోయిందని తలుపు గట్టిగా ప్రకటించింది.

కింద బస్టాండులో జనం ఆగిపోయారు. ఒకతను తన ఫోనుని తిట్టి జేబులో కుక్కుకున్నాడు. కండక్టరు తన తెరని పక్కనున్న ముసలాయన తెర పక్కన పెట్టి చూశాడు. మళ్లీ చూశాడు.

“నీకు గూడ గొళ్లెం అనే వచ్చిందా?” అని అతను అడగడం కిటికీలోంచి స్పష్టంగా వినిపించింది. అపరిచితులు ఒకరి ఫోన్లలోకి ఒకరు తొంగిచూస్తున్నారు. ఎవరో బూతులు తిడుతున్నారు. ఎవరో ఆ కార్ఖానా ఎక్కడని అడుగుతున్నారు.

రాజవ్వ కొంగులో ఫోను మోగింది. ఆమె చూసి, ఎత్తడానికి జంకింది. మూడోసారి మోగాక ఎత్తింది.

“పెద్దమ్మా.” స్వరూప గొంతు బయటికే వినిపిస్తోంది. “పాటల బాలమణి మా అమ్మేనా? జరమన్నరు గదా నాకు. గొళ్లెమేంది? చెప్పవేందే?”

రాజవ్వ వనజ వైపు చూసింది.

“నిన్న నన్ను ఆ పాటకు ఎగిరిపిచ్చిందెవరు? ఆ పాట తయారు చేసినామె ఎవరు? నీ పక్కన్నే ఉన్నదా? ఇయ్యి ఆమెకు!”

మెట్ల మీద కాపలావాళ్ల బూట్ల చప్పుడు దగ్గరవుతోంది. రాజవ్వ ఫోను చాపింది. వనజ అందుకుంది.

“నువ్వేనా?” అంది అవతలి గొంతు, ఏడుపుతో, కసితో.

“నేనే,” అంది వనజ.