పన్నెండో పుల్ల

ఉదయగిరి కొండ కింద మా కొట్టంలో నేను చెక్క గరిటెలు చెక్కుతాను. మట్టి నేల, ఒక పీట, నర్ది చెక్క వాసన. అందులో భయపడాల్సింది ఏమీ ఉండేది కాదు.

డెబ్బై ఒకటిలో, యుద్ధానికి ముందు, మా అక్క కరీమున్నీసా కొడుకు ఖలీలుల్లా వచ్చాడు. మిలిటరీలో పెద్ద సైంటిస్టు. మందుపాతరలు వెతకడానికి పన్నెండు చెక్క పుల్లలు చేయమన్నాడు. కొత్తరకం పాతరలు ఇనుము దగ్గరికొస్తే పేలతాయట. నేలమీద బోర్లా పడుకుని చూపించాడు. ఏటవాలుగా గుచ్చాలి, ఆగాలి, నాలుగు వేళ్ల ఎడంలో మళ్లీ గుచ్చాలి. పాతర తగిలితే చుట్టూ చేత్తో మట్టి తీయాలి.

పన్నెండో పుల్ల పిడి దగ్గర చీలింది. సన్నటి ఇనప మేకు దిగ్గొట్టి, పైన మైనం పూసి నున్నగా చేశాను. ఎవరో ముక్కూమొహం తెలియని సిపాయి పట్టుకునేదే కదా అనుకున్నాను. పాపిష్టి బుద్ధి.

కట్ట చేతికిచ్చాక చెప్పాడు, ముందుపోయే దళంతో తానే పోతున్నానని.

"పోరాడేదానికి సిపాయిలు ఉండారు కదరా. నువ్వు పోతే ఇట్టాంటివి మళ్లా ఎవరు కనిపెట్టేది?"

"కనిపెట్టినోడే పట్టుకోవాల మామూ. నా లెక్క తప్పితే వాళ్లెందుకు చావాల?"

మేకు సంగతి నాలుక చివరిదాకా వచ్చింది. సిగ్గేసి మింగేశాను.

డిసెంబరులో టెలిగ్రాం వచ్చింది, పాతర పేలి ఖలీలు పోయాడని. ఆ తర్వాత ఉత్తరం. అతని లెక్కే తప్పిందని రాశారు. ఏ పుల్ల పట్టుకున్నాడో రాయలేదు.

మరుసటి ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం. ఆకురాయితో గరిటె నున్నగా చేస్తున్నాను. గుమ్మం దగ్గర మట్టిలో ఏదో దిగిన చప్పుడు... ఆగింది. మళ్లీ... తలెత్తి చూశాను. నేలలో సన్నటి బెజ్జాలు. ఏటవాలుగా, నాలుగు వేళ్ల ఎడంలో, వరసగా. మనిషి లేడు. కాలిన పేలుడుమందు వాసన.

నా కళ్లముందే ఇంకొకటి పడింది. నా వైపే వస్తున్నాయి. బెజ్జం... ఆగడం... బెజ్జం.

"ఖలీలూ," గొణిగాను. "నువ్వేనా?"

పీటకు మొన తగిలింది. టక్.

తర్వాత పీట చుట్టూ మట్టి దానంతటదే పక్కకు జరగడం మొదలైంది. వేళ్ల గుర్తులు పడుతున్నాయి, మెల్లగా, జాగ్రత్తగా.

అప్పుడే అక్క లోపలికొచ్చింది. గుర్తులను చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఏం వెతుకుతుండావురా?" అంది నేలవైపు చూస్తూ. తర్వాత నా వైపు తిరిగింది. "నా బిడ్డ లెక్క తప్పేవాడు కాదురా. నీకేమన్నా తెలిసుంటే చెప్పు."

మట్టి జరగడం ఆగింది.

"ఏమీ లేదక్కా," అన్నాను, మేకు సంగతి మళ్లీ మింగేసి.

పీట కింద నుంచి... టక్.