యెల్చే నొక్కిన అప్‌డేట్

తల్లి చివరి పనిని యెల్చే చంపేసింది. తండ్రి డౌవే దృష్టిలో అది తేలిన సంగతి. వద్దన్నా వినకుండా కంప్యూటర్లో అప్‌డేట్ నొక్కింది. అది చచ్చింది. దాంతోపాటు అతని భార్య బౌక్యే రాసిన సంగీతమూ పోయింది.

నొక్కింది ఆదివారం. ఇవాళ గురువారం. శనివారం సాయంత్రం చర్చిలో ఊరి బ్యాండుకి నూరేళ్ళ పండుగ.

పొద్దున్నే డౌవే కాఫీ కాచి రెండు కప్పులు బల్ల మీద పెట్టాడు. బిస్కెట్ల డబ్బా తెరిచి కూతురికొకటి, తనకొకటి తీసి మూత బిగించాడు. ఈ ఇంట్లో కాఫీకి ఒక్క బిస్కెట్టే. బౌక్యే ఉన్నప్పుడూ అంతే.

యెల్చే సెలవు పెట్టుకుని లేవార్డెన్ పట్నం నుంచి వచ్చింది. కంప్యూటర్ని చంకలో పెట్టుకుని లోపలికి తెచ్చి, తల్లి గదిలో దాని చోట దాన్ని పెట్టి, కోటు విప్పకుండానే వంటింట్లో కూర్చుంది.

"ఏమన్నారు షాపువాళ్ళు?" అన్నాడు డౌవే.

"మావల్ల కాదన్నారు."

"ఎందుకు కాదు?"

"అది పదమూడేళ్ళ కంప్యూటర్, నాన్నా. చేసిన కంపెనీయే దానికి కొత్త సిస్టమ్ ఇవ్వడం ఎప్పుడో మానేసింది. సంగీతం రాసే ప్రోగ్రాం పాత సిస్టమ్‌లో నడవదని అమ్మ ఎలాగో కొత్తది ఎక్కించింది. అలా ఎక్కించినవాటిని వాళ్ళు ముట్టుకోరట. అంతా తుడిచేసి పాతది వేసిస్తాం, అదైతే చేస్తాం అన్నారు."

"తుడిస్తే మీ అమ్మ రాసింది ఉంటుందా?"

"ఉండదు."

"మరి ఇప్పుడుందా?"

"ఉంది. లోపలే ఉంది. తలుపు తెరుచుకోవట్లేదు. ఊడదీసి లోపలివి బయటికి తియ్యాలంటే ఇంకోచోటికి పంపాలి. మూడు వారాలు పడుతుందట."

"పండుగ అయిపోయాక ఎవడిక్కావాలి అది?"

యెల్చే బిస్కెట్ తినలేదు. కప్పు పక్కన తిప్పుతూ కూర్చుంది.

బౌక్యే ఆ బ్యాండులో నలభై ఏళ్ళు బాకా ఊదింది. నూరేళ్ళ పండుగ కోసం చర్చిలో పాడే పాత కీర్తన ఒకదాన్ని మొత్తం బ్యాండు వాయించేలా మలిచింది. ఒళ్ళు బాగాలేకపోయినా దిండ్లకి ఆనుకుని కూర్చుని రాసింది. నవంబర్లో పోయింది. తన బాకా వంతు ఒక్కటే కాగితం మీదికి తీసుకుంది. మిగతా వాయిద్యాలవన్నీ కంప్యూటర్లోనే ఉండిపోయాయి. ఆ పాటని ఇంతవరకు ఎవరూ వినలేదు.

ఆ కంప్యూటర్ని ఆమె ఎప్పుడూ ఆపేది కాదు. తెర నల్లబడి నిద్రపోయేది, తాకితే మేలుకునేది. ఆమె పోయాక కూడా చలికాలమంతా అలాగే ఉంది. ఆదివారం యెల్చే వచ్చి, దుమ్ము పట్టిందని గదంతా వాక్యూమ్ క్లీనర్ పెట్టి, కాగితాలు తీద్దామని కూర్చుంది. అప్‌డేట్ చేసుకోమని తెర మీద ఓ మాట వచ్చింది. వదిలెయ్యమన్నాడు డౌవే. రెండు నిమిషాల పని నాన్నా అంది. ఆగి మళ్ళీ ఆన్ అవుతుందనుకుంటే బూడిదరంగు గుండ్రం వచ్చింది, అడ్డంగా గీత కొట్టి. అప్పట్నుంచి అదే.

"వేరే కాపీ ఇంటర్నెట్లో ఎక్కడా దాచలేదా అమ్మ?"

"తన వస్తువులు పరాయివాళ్ళింట్లో పెట్టే మనిషా మీ అమ్మ?"

"అడిగానంతే."

"అడగడం కాదు. ఆ రోజు వదిలెయ్యమన్నాను. నీ చేతులు ఊరుకోవు. చిన్నప్పుడూ అంతే, నడుస్తున్న గడియారం విప్పావు."

"గడియారం సంగతి ఇప్పుడెందుకు?"

"అదీ మళ్ళీ నడవలేదు గనక."

యెల్చే మొహం ఎర్రబడింది. "సరే. నేనే పాడుచేశాను. ఒక్కటి చెప్పు. నలభై ఏళ్ళు అమ్మ వాయించింది. ఒక్కసారైనా వెళ్ళి విన్నావా?"

"పనుండేది."

"ఆదివారాలు కూడానా? కాలువలో పూడిక తీసే పడవ ఆదివారం ఎవడు నడుపుతాడు? ముందు వరసలో నీ కోసం ఒక కుర్చీ ఉంచేది. నేను దాని మీద కోటు పెట్టుకునేదాన్ని. అది ఖాళీగా ఉందని ఎవరికీ తెలియకుండా."

కిటికీ అవతల ఎవరో సైకిల్ గోడకి ఆనించారు.

వచ్చింది విట్సే. బ్యాండు నడిపించే మనిషి. టోపీ చేత్తో పట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాడు.

"కూర్చోను. ఓ మాట చెప్పి పోదామని వచ్చాను. ఇవాళ సాయంత్రం రిహార్సల్‌కి కాగితాలు లేకపోతే ఆ పాట వదిలేద్దాం. బదులు పాత మార్చ్ వాయిస్తాం. ఎవరూ ఏమీ అనుకోరు."

"నేననుకుంటాను," అన్నాడు డౌవే.

"నువ్వా? నువ్వొస్తున్నావా ఏంటి?" విట్సే నవ్వబోయి, యెల్చే మొహం చూసి మానేశాడు. "అది లేవట్లేదా ఇంకా? దాని వెనక పెన్‌డ్రైవ్ ఉందా, చూశావా?"

"ఏ పెన్‌డ్రైవ్, బాబాయ్?"

"మీ అమ్మ ఎప్పుడూ తగిలించే ఉంచేది. ఆ కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు ముందు దాన్ని చదువుకుని లేస్తుందట. కొత్త సిస్టమ్‌ని పాత ఒంట్లో నిలబెట్టేది అదేనట. నేనోసారి పొరపాటున చెయ్యి వేస్తే ఎంత తిట్టిందని. నిద్రలో ఉన్నంతసేపూ పరవాలేదు, ఆగి మళ్ళీ లేవాలంటే అది ఉండాల్సిందే అంది."

యెల్చే లేచి గదిలోకి పరిగెత్తింది. తిరిగొచ్చేసరికి ఆమె మొహంలో నెత్తురు లేదు.

"వెనక ఏమీ లేదు. ఆదివారం నేనే ఆ మూలంతా వాక్యూమ్ పెట్టాను. దాని మూతి తగిలి ఊడిపోయుంటుంది. లోపలికి లాగేసుంటుంది."

డౌవే చేతిలో కప్పు మధ్యలో ఆగిపోయింది.

యెల్చే వాక్యూమ్ క్లీనర్ ఈడ్చుకొచ్చి, లోపలి సంచి తీసి, వంటింటి నేల మీద పేపర్ పరిచి దాని మీద చింపింది. బూడిదలాంటి దుమ్ము గుట్టగా పడింది. మోకాళ్ళ మీద కూర్చుని వేళ్ళతో వెతికింది. గుండీ ఒకటి దొరికింది. తలపిన్ను దొరికింది. తర్వాత ఒక చిన్న ఉండ వేలికి చుట్టుకుంది. పొడుగాటి తెల్ల వెంట్రుకలు. ఆమె దాన్ని వెలుతురులో పట్టి చూసింది.

"అమ్మవి," అంది. ఏడుపు అప్పుడొచ్చింది. ఏడుస్తూనే రెండో చేత్తో దుమ్ములో వెతుకుతోంది. "ఇందులోనే ఉంటుంది నాన్నా. ఎక్కడికి పోతుంది. ఇందులోనే ఉంటుంది."

విట్సే నేల చూపులు చూస్తున్నాడు.

డౌవే కప్పు దించి పెరటి తలుపు తీసుకుని షెడ్డుకి వెళ్ళాడు. కిటికీ కింద అరలో మేకుల డబ్బా ఉంది. అతను ఏదీ పారేసే మనిషి కాదు. మూత తీసి, స్క్రూలు పక్కకి తోసి, అడుగు నుంచి ఆ చిన్న నల్లటి వస్తువుని తీశాడు.

అంత్యక్రియలైన వారంలో తీశాడు దాన్ని. కంప్యూటర్ నిద్రపోతున్నా దానికి నీలం దీపం వెలుగుతుండేది. నడవాలోంచి చూస్తే ఆ గదిలో మనిషి ఉన్నట్టే ఉండేది. వెళ్ళి చూస్తే ఉండేది కాదు. రెండుసార్లు వెళ్ళి చూశాడు. మూడోసారి దాన్ని లాగేశాడు. పని అయిపోయిన యంత్రంలో దీపం వెలగకూడదని తనకి తను చెప్పుకున్నాడు. తర్వాత మరిచిపోయాడు.

వంటింట్లోకొచ్చి పేపర్ మీద, దుమ్ము గుట్ట పక్కన దాన్ని పెట్టాడు. దానికి ఇనుప రజను అంటుకుని ఉంది.

యెల్చే దాన్ని చూసింది. తండ్రి బూట్లకున్న బురద చూసింది. విట్సే టోపీ పెట్టుకుని, "సాయంత్రం ఎదురుచూస్తుంటాం," అని సైకిలెక్కాడు.

 యెల్చే చేతికి చిక్కిన వెంట్రుకల ఉండని కోటు జేబులో పెట్టుకుంది. చొక్కా అంచుతో పెన్‌డ్రైవ్ తుడిచి, గదిలోకి వెళ్ళి కంప్యూటర్ వెనక గుచ్చింది. ఒక కీ నొక్కిపట్టి ఆన్ చేసింది. తెర మీద బొమ్మలు వరసగా వచ్చాయి. చివరిది పెన్‌డ్రైవ్‌ది, ఆదివారం అది అక్కడ లేదు. దాన్ని ఎంచుకుంది. గుండ్రం రాలేదు. సన్నటి తెల్లగీత పాకడం మొదలుపెట్టింది.

"ఆదివారం సగంలో ఆగిన అప్‌డేట్‌ని ఇప్పుడు పూర్తిచేసుకుంటోంది," అంది నెమ్మదిగా.

గీత సగం దాకా వచ్చి నిలిచిపోయింది. తర్వాత తెరే నల్లబడింది. కాఫీ పూర్తిగా చల్లారిపోయింది. తెర నల్లగానే ఉంది. యెల్చే చెయ్యి వెనకున్న బటన్ మీదికి వెళ్ళింది.

"ఆపెయ్యనా? మళ్ళీ మొదట్నుంచి..."

"ఆగు," అన్నాడు డౌవే. గుమ్మంలో నిలబడి వింటున్నాడు. "లోపల తిరుగుతోంది. పడవ ఇంజనూ ఇంతే, చలిలో లేవడానికి దాని టైం అది తీసుకుంటుంది. మధ్యలో ఆపితే పాడవుతుంది. చెయ్యి తియ్యి."

ఆమె చెయ్యి తీసింది. ఇద్దరూ ఆ నల్లటి తెరని చూస్తూ నిలబడ్డారు. చాలాసేపటికి అది తెల్లబడింది. బౌక్యే పేరు వచ్చింది.

అంతా నత్తనడకన ఉంది. రంగులు అలుక్కుపోయాయి, తెర మీద కిటికీలు ముక్కలు ముక్కలుగా తెరుచుకుంటున్నాయి. అప్‌డేట్ ఆ పాత యంత్రానికి సరిపడే భాగాలని తుడిచేసిందని యెల్చే ఫోన్లో చదివి చెప్పింది. వాటిని మళ్ళీ అతికించే ప్రోగ్రాం ఒకటి తల్లి అక్కడే ఉంచింది. దాన్ని నడిపి, మరోసారి ఆపి, ఆన్ చేసింది. ఈసారి త్వరగానే లేచింది. రంగులు సరిగ్గా ఉన్నాయి. ముందుగా అప్‌డేట్లు వాటంతటవి రాకుండా కట్టేసి, తర్వాత ఆ కీర్తన తెరిచింది.

అన్ని వాయిద్యాలూ ఉన్నాయి, ఒకదాని కింద ఒకటి. ప్రింటర్ కాగితాలు కక్కడం మొదలుపెట్టింది.

"వింటావా?" అని, జవాబు కోసం చూడకుండా ఒకచోట నొక్కింది.

కంప్యూటర్ వాయించే సంగీతంలో ఊపిరి ఉండదు. రేకు డబ్బా మీద కొట్టినట్టుంటుంది. అయినా మధ్యలో అన్నీ తగ్గిపోయి బాకా ఒక్కటే మిగిలిన చోటు డౌవేకి తెలిసింది. ఆ వరసని బౌక్యే అంట్లు తోముతూ కూనిరాగం తీసేది. ఏళ్ళ తరబడి విన్నాడు. అది ఒక పాట అని అతనికి తెలియదు.

పాట ఆగేదాకా గోడ వైపు తిరిగి ఉన్నాడు. తర్వాత వంటింట్లోకి పోయి చల్లారిన కాఫీ పారబోసి కొత్తది కాచాడు. బల్ల మీద కూతురి బిస్కెట్ అలాగే ఉంది. డబ్బా తెరిచి దాని పక్కన రెండోది పెట్టాడు. మూత వెయ్యలేదు.

యెల్చే కాగితాల కట్టతో వచ్చి ఆ రెండు బిస్కెట్లనీ, తెరిచి ఉన్న డబ్బానీ చూసింది. కూర్చుంది. కళ్ళు తుడుచుకుంది.

"అయినా నువ్వు నొక్కకుండా ఉండాల్సింది," అన్నాడు డౌవే.

ఆమెకి ఏడుపులోనే నవ్వొచ్చింది. "సరే. శనివారం కుర్చీ ఉంచనా?"

"ఉంచు. కోటు పెట్టకు."

కాసేపు ఇద్దరూ తాగారు. యెల్చే కప్పు దించింది.

"నాన్నా, ఆ పెన్‌డ్రైవ్..."

"దాని గురించి ఇంక మాట్లాడను," అన్నాడు. "ఇవాళా మాట్లాడను, చచ్చేలోపు మాట్లాడను. నువ్వూ అడగొద్దు."

యెల్చే బిస్కెట్ తీసుకుని కొరికింది.