ఖాళీ పోర్టు

బెళుగుప్ప దాటాక గాలిమరల గుట్టమీద ఒక టవర్ గది ఉంది. టెలిఫోన్ ఇంజనీరుగా పదవీ విరమణ చేసిన నన్ను, తమ చేత కాని పని ఎదురైనప్పుడు ఒక ప్రైవేటు సంస్థ పిలుస్తుంది. ఆ సాయంత్రం అట్లే పిలిచింది.

గదిలో వేడెక్కిన బ్యాటరీల పులుపు వాసన. బయట మరల రెక్కల మూలుగు. రూటరులో ఫోను మాటలకు ముందుగా సాగే దారి, తక్కిన సమాచారానికి వెనుక దారి ఉంటాయి. కేబులు గుచ్చే ఏ పోర్టులో, ఏ దారిన ఎంత సాగిందో కౌంటరు చూపుతుంది. కారణం లేకుండా మాటల దారి నిండిపోతున్నది. అందువల్ల కింద ఆరోగ్య కేంద్రానికి కాల్ నిలవడం లేదు. అక్కడ చౌడమ్మ అనే ఆమెకు కాన్పు కష్టమైంది. అంబులెన్సు ఇంకా రాయదుర్గం దాటలేదు. అనంతపురం డాక్టరమ్మ ఫోనులో చెబితేనే నర్సు కృపాకుమారి ఏమైనా చేయగలదు.

కౌంటర్లను సున్నాకు తెచ్చాను. టెక్నీషియన్ సురేంద్ర, ఆరోగ్య కేంద్రం కేబులొక్కటి మిగిల్చి అన్నీ పీకినాడు. అయినా అంకె పెరుగుతున్నది. నాలుగో పోర్టు మీద.

"ఆడ కేబులే లేదు సార్. దెయ్యాలు గూడా ఫోన్లు పట్టుకున్యట్టుండాయి."

"పరిహాసాలు చాలు. చూడు."

నేను మాట్లాడినంతసేపు అంకె ఆగింది. మౌనం వహించగానే కదిలింది. మళ్ళీ మాట్లాడి చూశాను. ఆగింది... ఎదుటివారి మాట ముగిసేదాకా ఓర్చుకొనే మనిషి వలె.

పోర్టు మూసివేయబోయాను. సురేంద్ర నా మణికట్టు పట్టుకున్నాడు.

"వద్దు సార్..." గొంతు తగ్గించినాడు. "మూసేస్తే అది యాడికి పోతాది?"

"కింద ఒక తల్లి ప్రాణం పోతున్నది. చెయ్యి తియ్యి."

మూసివేశాను. అంకె నిలిచిపోయింది. డాక్టరమ్మ కాల్ కలిసింది.

కొంతసేపటికి గదిలోని ఫోను మోగింది. కృపాకుమారి.

"మగబిడ్డ సార్! తల్లి బాగుండాది. పుట్టినప్పుడు ఊపిరి లేదు సార్... ఆశ వదులుకున్యాం. ఉన్నట్టుండి అందుకున్యాడు."

ఆమె మాట వెనుక సన్నగా ఏడుపు వినిపిస్తున్నది.

"శుభం, తల్లీ," అన్నాను.

ఏడుపు ఆగింది.

నేను మాట మానాను. ఏడుపు మొదలైంది. సురేంద్ర నా ముఖం వంక చూడలేదు.

"బిడ్డ నీ చేతుల్లో ఉన్నాడా, అమ్మా?"

ఆగింది...

"లేదు సార్. పక్క గదిలో, వాళ్ళమ్మ దగ్గరుండాడు."

నేను రూటరు వంక తిరిగాను. నాలుగో పోర్టు కౌంటరు కదలడం లేదు. గదిలో ఇద్దరమూ పెదవి విప్పలేదు.

ఫోను అవతల మళ్ళీ ఏడుపు... అది తన వంతు అందుకున్నది.