మిక్సీ పాయింటుకు కొత్త వైరు

కరుణ్‌కు పిల్లనిచ్చే మాట వంటగదిలో స్విచ్ బోర్డు దగ్గర ఆగింది. నవ్వకండి, నిజంగానే ఆగింది.

మత్తయ్యది మామిడిపల్లి. ఆయన ఇంటి మీదుగా విమానం దిగిందంటే పొయ్యి మీది అన్నం తనంతట తానే గంజి వార్చుకునేదట, అంత కిందుగా దిగేది. ఆయన కూతురు జెన్నిఫర్ శంషాబాద్ ఎయిర్‌పోర్టులో ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్‌లో పని చేస్తుంది. కరుణ్ ఇళ్లకు వైరింగ్ చేస్తాడు. చర్చిలో ఆమె ముందు వరసలో కూర్చుంటే పాటలో చరణాలు మింగేసే అలవాటు అతనిది. చూసి చూసి కరుణ్ వాళ్లమ్మ పాస్టరుగారితో సంబంధం అడిగించింది. మత్తయ్య ఆ సంగతి కూతురి చెవిన వేశాడు.

"వంటగది కొత్తగ చేయిస్తున్నం గద బాపూ. కరెంట్ పని కరుణ్‌కే ఇయ్యి. పని చూసినంక చెప్త," అంది ఆమె.

"పిల్లగాన్ని చూస్తవా, వైర్లు చూస్తవా?"

"వైర్లు చూస్తే పిల్లగాడు తెలుస్తడు."

అది 2012 వేసవి, కరెంటు కోతల కాలం. పని పూర్తయింది. ఆదివారం చర్చి నుంచి రాగానే జెన్నిఫర్ స్క్రూడ్రైవరు, టెస్ట్ బల్బు పట్టుకుని వంటగదిలోకి దిగింది. కరుణ్ గుమ్మం దగ్గర నిలబడ్డాడు. అతని గుండె చప్పుడుకు పక్కూరు జల్‌పల్లిలో కోళ్లు గూళ్లు వదిలి బయటికొచ్చాయంటే నమ్మితే నమ్మండి, లేకపోతే లేదు.

ఆమె మెయిన్ స్విచ్చి, ఇన్వర్టరు రెండూ ఆపి, బోర్డు మూత విప్పి ఒక్కో వైరునూ పట్టి గుంజింది. ఒక్కటీ ఊడలేదు.

"గట్టిగనే బిగించినవ్."

"నా చెయ్యి గట్టిది."

"చెయ్యి సంగతి నేనడగలే."

మళ్లీ రెండూ వేసి, ఫ్రిజ్ పాయింటులో బల్బు వైర్లు ఒకటి ఫేజుకు, ఒకటి ఎర్తుకు ఆనించింది. బల్బు నిండుగా వెలిగింది. ప్లగ్గులో ఎర్తు రంధ్రం ఉంచి, వెనక వైరు మాత్రం వెయ్యకుండా పోయేవాళ్లు ఊరినిండా ఉన్నారు. ఇక్కడ ఆ మోసం లేదు. ప్లగ్గులు సింకు తడికి దూరంగా, స్విచ్చులు పొయ్యి వేడి తగలని చోట ఉన్నాయి.

"ఇగ చాలు బిడ్డా. పిల్లగాన్ని జర కూసోనియ్యి," అంది తల్లి జయశీల.

"జర ఆగమ్మా."

జెన్నిఫర్ ఈసారి మెయిన్ ఒక్కటే ఆపింది. ఇన్వర్టరు అందుకుంది, ఫ్యాను తిరుగుతూనే ఉంది. బల్బును మిక్సీ పాయింటులో పెట్టింది. అదీ వెలిగింది. ఆమె కనుబొమలు ముడిపడ్డాయి.

"ఇదేంది?"

"ఇన్వర్టర్ లైన్ ఇచ్చిన," అన్నాడు కరుణ్ చిన్నగా.

"మిక్సీకా!"

మిక్సీ తగిలించి మీట తిప్పింది. మిక్సీ గుర్రుమంది, ఇన్వర్టరు కుయ్యోమంది, ఇల్లంతా ఆగిపోయింది. హాల్లో పేపరు చదువుతున్న మత్తయ్య, "బిడ్డా, పోయింది కరెంటా, సంబంధమా?" అని కేకేశాడు.

"గింత చిన్న ఇన్వర్టర్ మిక్సీని మోస్తదా? నీకు తెల్వదా?"

"తెలుసు. జరసేపైతే మోస్తదేమో అనుకున్న."

"తెలిసే చేసినవా? ఎందుకు?"

కరుణ్ కొత్త టైల్స్ వైపు చూస్తూ చెప్పాడు. "పొద్దుగాల నువ్వు డ్యూటీకి పోయే టైముకే కరెంట్ తీస్తుండ్రు. చట్నీ పట్టరాక నీ డబ్బాల ఉత్త ఇడ్లీలు పెడుతున్ననని ఆంటీ చర్చిల బాధపడుతుంటే విన్న."

జెన్నిఫర్ పెదవి చివర నవ్వు ఒకటి తల బయటపెట్టబోయింది. ఆమె దాన్ని లోపలికి లాగేసింది.

"ఫెయిల్," అంది.

"అయ్యో!" అంది జయశీల.

కరుణ్ వాదించలేదు. పనిముట్ల సంచీ విప్పాడు. "మిక్సీని మెయిన్ లైన్‌కు మారుస్త. కని ఒక్కనితోని కాదు. పాత వైరుకు కొత్తది కట్టి గోడల పైపుకెళ్లి తియ్యాలె. ఒకలు హాల్లకెళ్లి తొయ్యాలె, ఒకలు ఇక్కడ గుంజాలె."

జయశీలకు ఉన్నట్టుండి పెరట్లో పని గుర్తొచ్చింది. మత్తయ్య పేపరులో మునిగిపోయాడు. గుంజడానికి జెన్నిఫరే మిగిలింది.

కరుణ్ హాల్లో మెయిన్ బోర్డు దగ్గరికి పోయి వైరు కట్టాడు. "గుంజు!"

"గుంజుతున్న!"

వైరు కొంతదూరం పోయి ఆగింది.

"ఏమైంది? ఇరికిందా?" గోడ అవతల నుంచి జెన్నిఫర్.

"నేనే పట్టుకున్న. ఫెయిలైంది బోర్డా, నేనా? చెప్తే వదుల్త."

జెన్నిఫర్ అవతల నుంచి వైరును ఇంకోసారి గుంజి చూసింది.

"తప్పు చూపిస్తే మొఖం మాడ్చుకుంటవనుకున్న," అంది. "మా షిఫ్టుల అందరు గంతే. నువ్వు సంచి విప్పినవ్."

"అంటే?"

"రేపు కరెంట్ పోతే చట్నీ ఎట్ల?"

"రోట్ల నూరాలె."

"ఎవరు?"

"నేనే నూరుత."

"కోతలు బందయితే?"

కరుణ్ నుదుటి చెమట తుడుచుకున్నాడు. "కరెంట్ ఉన్నా నూరుత."

"అయితే వదులు."

వదిలాడు. వైరు సర్రున పోయింది. దాని వెనకే కరుణ్ కూడా వంటగదిలోకి పోయేవాడే, పైపు సన్నది కావడం వల్ల ఆగిపోయాడు.

మత్తయ్య పేపరు మడిచాడు. "ఓ జయశీలా! సజ్జ మీది రోలు దించి కడుగు. అల్లునికి పని పడ్డది."