తలారి రొట్టె

"ఆ రొట్టె ముట్టుకోకు!"

వీధి చివర నుంచి వచ్చిన ఆ కేకకి ఒదీల్ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఎదురుగా మూసేసిన రొట్టెల కొట్టు. కిటికీ గట్టు మీద ఒకే ఒక్క గుండ్రటి రొట్టె, అదీ బోర్లించి ఉంది. వెనక కారులో ఆమె మొగుడు గాస్తోన్ అద్దానికి తల ఆనించి, చలికాలంలో కూడా చెమటలు కక్కుతున్నాడు.

ఇదంతా రాత్రి అనుకునేరు, కాదండోయ్, పట్టపగలు. దెయ్యాలకి చీకటే కావాలని ఎవరన్నారో గానీ, వాళ్ళు నవంబరులో ఫ్రాన్సులోని లోజేర్ కొండల మీద పొగమంచు దిగడం చూసి ఉండరు. ఆ మంచులో వెర్నాస్ పల్లెకి చర్చి ఉందో లేదో గంట కొడితేగానీ తెలియదు. తడిసిన రాళ్ళ వాసన, కట్టెల పొగ వాసన, అన్నిటినీ మించి ఎక్కణ్ణుంచో కమ్మగా ఉడికిన మాంసం వాసన. ఆకలితో ఉన్నవాడికి అంతకంటే పగ తీర్చుకునే వాసన ఇంకోటి లేదు.

కేక వేసిన ముసలామె మంచులోంచి ఊడిపడినట్టు వచ్చింది. ఆమె పేరు జెలీ.

"అది నీది కాదమ్మాయ్."

"మరెవరిది?"

"తలారిది."

ఒదీల్‌కి అంత కంగారులోనూ నవ్వొచ్చింది. ఫ్రాన్సులో పుట్టిన ఏ పిల్లకి తెలియదు గనక! పూర్వం తలలు నరికే తలారికి రొట్టె అమ్మడానికి ఎవరికీ మనసొప్పేది కాదు. అమ్మకపోతే వాడితో భయం. అందుకని వాడి రొట్టె బోర్లించి ఓ పక్కన పెట్టేవారు, ఇంకెవరూ దాని జోలికి పోయేవారు కాదు. ఆ భయమే మిగిలి ఈనాటికీ బల్ల మీద రొట్టె బోర్లా కనపడితే ఇంటి ఆడవాళ్ళు గబుక్కున తిప్పి పెడతారు. అంతవరకే. తలారులు ఏనాడో మట్టిలో కలిసిపోయారు.

"ఇంకా ఎవరొస్తారమ్మా దీనికోసం?"

"ఎవరొస్తారో నాకేం తెలుసు. తెల్లారేసరికి ఉండదు, అంతే తెలుసు." ముసలామె కారు నంబరు చూసి మూతి తిప్పింది. "పారిస్ వాళ్ళా. తినే వేళకి ఊళ్ళోకి రావడం కూడా నేర్పరు కాబోలు అక్కడ. పో, బర్నబే సత్రం ఆ మలుపులో ఉంది. పెడితే తిను, పెట్టకపోతే నీ ఖర్మ."

గాస్తోన్‌ది చక్కెర జబ్బు. పక్క ఊళ్ళో భోజనం సిద్ధంగా ఉంటుందన్న ధీమాతో ముందే ఇన్సులిన్ సూది వేసుకున్నాడు. తీరా చూస్తే అక్కడ సోమవారం సెలవు. సూది పడి తిండి పడకపోతే మనిషి నిలువునా కూలిపోతాడు. జేబులో చక్కెర బిళ్ళలు దారిలోనే అయిపోయాయి. ఆ మంచులో ఇంకో ఊరు చేరేదాకా అతను ఉండడు. ఒదీల్‌కి అది తెలుసు. అతనికీ తెలుసు.

సత్రంలో కుర్చీలన్నీ తలకిందులు చేసి బల్లల మీదికి ఎక్కించేశారు. బర్నబే నేల తుడుస్తున్నాడు. తలెత్తలేదు.

"వంటిల్లు మూసేశాం."

"అయ్యా, మావారికి ఒంట్లో బాలేదు. ఏదున్నా సరే..."

"పన్నెండు నుంచి ఒంటిగంటన్నర దాకా భోజనం. బయట రాసుంది. పారిస్‌లో చదువు నేర్పడం కూడా మానేశారా మేడమ్?"

"మనిషి పడిపోతాడండీ."

బర్నబే గుమ్మం బయట ఆగిన కారులోకి తొంగి చూశాడు. జేబులోంచి రెండు చక్కెర ముక్కలు తీసి, కుక్కకి వేసినట్టు బల్ల మీదికి విసిరాడు.

"ఇవి నమలమను. అడుగున కాస్త మాంసం పులుసు మిగిలింది. రొట్టె లేకుండా నేను వడ్డించను. రొట్టె తెచ్చుకుంటే పెడతా." అని నవ్వాడు. ఊళ్ళో రొట్టె అయిపోయిందని వాడికి తెలుసు కదా, ఆ నవ్వు అందుకు.

ఒదీల్ చక్కెర ముక్కలు మొగుడి నోట్లో పెట్టింది. అతని పెదాలు చల్లగా తగిలాయి. ఇంక ఆలోచించలేదు. రొట్టెల కొట్టు దగ్గరికి పరుగెత్తింది. వీధిలో ఎవరూ లేరు. గట్టు మీది రొట్టె తీసి చంకలో పెట్టుకుంది. అంత చలిలోనూ అది వెచ్చగా ఉంది.

గాస్తోన్‌ని మెల్లగా నడిపించుకొచ్చి కూర్చోబెట్టింది. రొట్టె బల్ల మీద పెట్టింది. కంగారులో అది బోర్లా పడింది. ఆమె చూసుకోను కూడా లేదు, చెయ్యే చూసుకుంది. అమ్మ చేసినట్టు, అమ్మమ్మ చేసినట్టు, చెయ్యి దానంతటది వెళ్ళి రొట్టెని వెల్లకిలా తిప్పేసింది.

బర్నబే చేతిలో తుడిచే కర్ర జారి పడింది.

"ఎందుకు తిప్పావ్?"

"అరిష్టం కదా, బోర్లా ఉంటే..."

"అది మిగతా ఊళ్ళల్లో." బర్నబే గొంతు తగ్గిపోయింది. "బోర్లా ఉన్నంతసేపూ అది వాడి వాటా. వాడు వచ్చి తీసుకుని పోతాడు. తిప్పితే అది ఇంటి రొట్టె అయిపోయింది. మనతో కూర్చుని తినమని పిలిచినట్టు."

ఒదీల్ తల తిప్పి చూసింది.

మూల బల్ల దగ్గర... ఒక కుర్చీ నేల మీద నిలబడి ఉంది.

మిగతావన్నీ తలకిందులుగానే ఉన్నాయి. అదొక్కటే దిగింది. దించిన చప్పుడు రాలేదు. గదిలో వాసన మారింది... పాత ఇనుము, తడి రంపపు పొట్టు.

బర్నబే తలుపు తెరిచి వీధిలోకి చూసి, అరవకుండా, మామూలు గొంతుతో అన్నాడు. "తిప్పేసింది."

అంతే. ఒక్కో ఇంటి తలుపూ తెరుచుకుంది. ఇందాక కనపడని జనం ఒక్కొక్కరే లోపలికి వచ్చారు. మొగాళ్ళు, ఆడవాళ్ళు, అందరూ మెడ చుట్టూ మఫ్లర్లు బిగించి కట్టుకుని ఉన్నారు. ఎవరూ పలకరించలేదు. ఒదీల్ వంక చూసిన చూపుల్లో మాత్రం తిట్లున్నాయి. కుర్చీలు దించారు. బల్లలు కలిపారు. మూల కుర్చీని ఎవరూ తాకలేదు, బల్లలే దాని దగ్గరికి జరిపారు.

"పిలిచాక ఊరంతా వాడితో కూర్చోవాలి," జెలీ పక్కకొచ్చి గుసగుసలాడింది. "లేకపోతే ఇల్లిల్లూ తిరుగుతాడు. చెప్పానా ముట్టుకోవద్దని? మెడ కప్పుకో."

"దేనికి?"

"మెడ కనపడితే వాడికి పని గుర్తొస్తుంది."

బర్నబే వంటింట్లోంచి ఒక మఫ్లరు తెచ్చి ఆమె ముందు పడేశాడు. "ఒక్కటే ఉంది. మెడలు రెండు. మీలో మీరే తేల్చుకోండి."

గాస్తోన్ కళ్ళు సగం మూతపడి ఉన్నాయి. ఒదీల్ మఫ్లరు తీసి అతని మెడకి రెండు చుట్లు చుట్టి ముడేసింది. తర్వాత తన కొప్పులోని పిన్నులు లాగేసి జుట్టు వదిలేసింది. ఒత్తయిన జుట్టు. మెడ మీద దుప్పటిలా పరుచుకుంది. ఇది చాల్లే అనుకుంది.

జెలీ ఆ జుట్టు వంక చూసింది. తల నరికే ముందు తలారి మెడ మీది జుట్టు కత్తిరిస్తాడని పారిస్‌లో ఎవరూ నేర్పలేదు కాబోలు అనుకుని, పళ్ళెంలోకి తల దించేసుకుంది.

పులుసు వడ్డించారు. రొట్టె కోశారు. తలా ఒకటి తీసుకోగా మిగిలిన ముక్కలు చేతులు మారుతూ మూల కుర్చీ దాకా వెళ్ళాయి... తిరిగి రాలేదు. చివరికి అందరూ కూర్చున్నారు. ఒకేసారి చెంచాలు ఎత్తారు.

ఒదీల్ ముందు గాస్తోన్‌కి తినిపించింది. ఒక ముద్ద. రెండు. అతని బుగ్గల్లోకి రంగు వచ్చింది. తనే చెంచా అందుకున్నాడు. బతికాడు. ఆమెకి కళ్ళనీళ్ళు తిరిగాయి.

అప్పుడు చూసింది. మూల కుర్చీ మూలలో లేదు.

వెనక ఎవరో ఊపిరి పీల్చినట్టు... చల్లటి వేళ్ళు. ఆమె జుట్టుని ఎంతో ఓపిగ్గా, మర్యాదగా, గుప్పిట్లోకి పోగు చేస్తున్నాయి.

"తింటూ ఉండు," జెలీ పెదాలు కదలకుండా అంది. "వెనక్కి తిరక్కు."

కత్తెర శబ్దం ఒకటి వినిపించింది.

పొడుగాటి కుచ్చు ఒకటి ఆమె పులుసులో రాలింది. బల్ల చుట్టూ చూసింది. ఎవరి చేతుల్లోనూ చెంచా తప్ప ఇంకేం లేదు. ఊరంతా తల వంచుకుని తింటోంది.

"ఒదీల్, చాలా బావుంది పులుసు," గాస్తోన్ హాయిగా అన్నాడు. "ఇంకో రొట్టె ముక్క ఇటివ్వు."

ఆమె తన ముక్క ఇచ్చింది. వెనక కత్తెర మళ్ళీ తెరుచుకుంది.